శస్త్రచికిత్సతో ముగియని పథ్యం

వంటింటి దినుసులలోనే సగం వైద్యం ఉన్నదని ముప్పై ఏళ్లుగా నమ్ముతూ, నలుగురికీ చెబుతూ వస్తున్నవాణ్ణి నేను. ఆ నమ్మకం నేటికీ సడలలేదు. అయితే దానిని వర్తించని చోట వర్తింపజేసి, నా సొంత మేనకోడలికి నేను చేసిన హాని ఒకటున్నది. దాచుకోవడం కంటే పాఠకుల ముందుంచడమే ధర్మమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మేనకోడలు స్థూలకాయంతోను, మధుమేహంతోను చాలాకాలం బాధపడి, 2019లో గ్యాస్ట్రిక్ బైపాస్ అనే శస్త్రచికిత్స చేయించుకున్నది. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలకు పైగా తగ్గింది. చక్కెర అదుపులోకి వచ్చింది. వైద్యులు వ్రాసి ఇచ్చిన విటమిన్, కాల్షియం, ఇనుము మాత్రలను ఆ ఏడాదంతా క్రమం తప్పక వాడింది. ఒకనాడు నన్ను అడిగింది: "మామయ్యా, జబ్బే లేనప్పుడు ఈ మాత్రలు ఇంకెన్నాళ్లు?" నేను ఆలోచించకుండానే, "రోజూ రాగి జావ తాగు, మునగాకు వండుకో, నువ్వులుండ తిను. ఇవి ఇవ్వనిది మాత్ర ఏమిస్తుందమ్మా?" అన్నాను. ఆమె నా మాట నమ్మి మాత్రలు మానివేసింది.

2022 చివరికి ఆమె అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైనాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెప్పు కాలినుండి జారిపోయినా తెలియని స్థితి వచ్చింది. పరీక్షలలో బి-12, ఇనుము, విటమిన్ డి మూడూ బాగా తగ్గినట్లు తేలింది. చికిత్సతో చాలావరకు కోలుకున్నది గాని, కాలివేళ్ల మొద్దుబారుతనం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నా సలహాలో పొరపాటు ఎక్కడున్నది? రాగులలో లోపం లేదు, మునగాకులో లోపం లేదు. వాటిని గ్రహించే చోటు మారిపోయిందన్న సంగతిని నేను విస్మరించాను. ఆయుర్వేదంలో గ్రహణికి ఉన్న ప్రాధాన్యం మనకు తెలియనిది కాదు. అన్నాన్ని గ్రహించి, పక్వమయ్యే వరకు పట్టి ఉంచేది కనుకనే దానికా పేరు. అదే జఠరాగ్నికి స్థానమని చరకసంహిత చెబుతుంది. నేటి శరీరశాస్త్రంలోని ఆంత్రమూలాన్ని, అనగా డ్యుయోడినాన్ని, పలువురు ఆయుర్వేద పండితులు గ్రహణిగా గుర్తిస్తారు. బైపాస్ శస్త్రచికిత్సలో జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరుచేసి, ఆంత్రమూలానికి దిగువనున్న చిన్నప్రేగుకు నేరుగా కలుపుతారు. తిన్నది ఆంత్రమూలాన్ని తాకకుండానే ముందుకు సాగిపోతుంది. ఇనుము, కాల్షియం ప్రధానంగా ఒంటబట్టేది ఆంత్రమూలంలోను, దానిని అనుకొని ఉన్న భాగంలోనే. గ్రహణిని దాటిపోయిన ఆహారం ఎంత శ్రేష్ఠమైనదైనా దాని ఫలం శరీరానికి పూర్తిగా అందదు.

బి-12 సంగతి మరొకటి. ఆహారంలోని బి-12 విడివడడానికి జీర్ణాశయంలోని ఆమ్లం కావాలి. అది చిన్నప్రేగు చివరి భాగంలో ఒంటబట్టడానికి జీర్ణాశయమే స్రవించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం తోడు కావాలి. శస్త్రచికిత్స తరువాత ఈ రెండింటికీ కొరత ఏర్పడుతుంది. జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా కోసి తీసివేసే స్లీవ్ పద్ధతిలోనూ ఈ చిక్కు ఉన్నది. పైగా ఈ విటమిన్ ఆకుకూరలలో, ధాన్యాలలో లభించదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం వంటి వాటిలోనే ఉంటుంది. కనుక శాకాహార కుటుంబాలవారు మరింత జాగ్రత్త వహించాలి. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు ఆదుకోవచ్చు కనుక, మాత్ర మానిన వెంటనే ఏమీ జరగదు. మేలుగానే ఉన్నామని మనిషి మోసపోయేది ఇక్కడే.

ఇక పరిమాణం లెక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. మన ధాన్యాలలో ఇది మేటి. అయితే చిన్న సంచి మిగిలిన మనిషి ఒక పూట తాగే జావలో 15 గ్రాముల పిండి ఉంటుందనుకుందాం. అందులోని కాల్షియం సుమారు 55 మిల్లీగ్రాములు. రాగులలోని ఫైటేట్ల వల్ల అందులోనూ కొంత ఒంటబట్టదు. అమెరికాలోని జీవక్రియ, స్థూలకాయ శస్త్రవైద్యుల సంఘం 2016 నాటి సూచనలలో, బైపాస్ లేదా స్లీవ్ జరిగినవారికి ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1200 నుండి 1500 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని పేర్కొన్నది. వీరికి ఇనుము 45 నుండి 60 మిల్లీగ్రాములు, దానితోపాటు బి-12 కూడా కావాలన్నది. ఇది గ్లాసెడు జావతో, గుప్పెడు ఆకుతో తీరే లోటు కాదు. ఎవరికి ఎంత అన్నది రక్తపరీక్ష చూసి వైద్యుడే నిర్ణయించాలి.

మాత్రలు వేసుకునే తీరుకూ పథ్యం ఉన్నది. కాల్షియాన్ని ఒకేసారి గాక, 500 లేదా 600 మిల్లీగ్రాములకు మించకుండా విడతలుగా తీసుకోవాలి. ఆమ్లం తగ్గినవారికి కాల్షియం కార్బొనేట్ కంటే సిట్రేట్ మేలు. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ నడుమ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్ర వేసుకునే వేళ కాఫీ, టీ పనికిరావు. త్రిఫల చూర్ణంలోనూ టానిన్లు అధికం కనుక దానినీ ఆ వేళకు దూరంగా ఉంచాలి. బలానికని లేహ్యాలు తినిపించే అలవాటు మనలో ఉన్నది. చక్కెర పాకం అధికంగా ఉన్న లేహ్యం బైపాస్ అయినవారికి చెమటలు, గుండెదడ, విరేచనాలు కలిగించవచ్చు. వాంతులు ఆగకుండా అవుతుంటే అల్లంరసంతో కాలయాపన చేయరాదు. బి-1 లోపించి మెదడుకు ముప్పు రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జీవితాంతం మాత్రలు మింగవలసిన శస్త్రచికిత్స అసలెందుకని కొందరు ప్రశ్నిస్తారు. అతిస్థూలునికి కలిగే కష్టాలను చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం వివరించింది. ఆ భారమే ప్రాణం మీదికి వచ్చినవారికి శస్త్రచికిత్స ఆసరా కావచ్చు. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే శస్త్రచికిత్స ఖర్చును లెక్క వేసుకునే కుటుంబం, నెలనెలా మాత్రల ఖర్చును, ఏటేటా రక్తపరీక్షల ఖర్చును కూడా ఆనాడే లెక్క వేసుకోవాలి. ఆ సంగతిని రోగికే గాక ఇంటిల్లిపాదికీ అర్థమయ్యే తెలుగులో ముందే చెప్పడం వైద్యుల విధి అని నా అభిప్రాయం.

మునగాకు, రాగులు, పెసలు, పెరుగు ఇప్పటికీ ఆ అమ్మాయి వంటింట ఉన్నాయి. ఉండాలి కూడా. అవి మాత్రకు తోడే గాని బదులు కావు. మీ ఇంట ఎవరికైనా ఈ శస్త్రచికిత్స జరిగి ఉంటే, ఆప్తులెవరైనా నావలె ప్రేమతోనే మాత్రలు మానమని చెప్పవచ్చు. వారిని నొప్పించనక్కరలేదు. "డాక్టరుగారిని అడిగి చెబుతాను" అనండి. అడిగే వరకు మాత్ర మానకండి.