చమురు పడిన చోటెఱిగి పని చేయవలెను

చమురు ఒలికినదన్న మాట వినగానే మనలో పెక్కుమంది సముద్రమును, ఓడలను తలంతురు. అది మనకు దూరపు సంగతి యని ఊరకుందురు. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. హైదరాబాదు పాతబస్తీ మూసీకి దక్షిణపు గట్టున నున్నది. అచ్చటి మరమ్మతు దుకాణమున బండినుండి దింపిన నల్లని ఇంజను నూనెను మోరీలో పోసినచో, అది నాలాలో కలియును. నాలా మూసీలో కలియును. మూసీ నీరు కత్వలవద్ద మలగి మన కాలువలలోనికి వచ్చును. ఆ నీటితోనే దిగువ పల్లెలలో వరియు, పాడిపశువులకు పచ్చగడ్డియు పండుచున్నవి. ఓడ లేకున్నను మనకు ఒలుకుడు కలదు.

చమురు ఒకటే యైనను పడిన చోటునుబట్టి చికిత్స వేఱగును. ఒకచోట మేలైన పని మఱియొకచోట కీడగును. ఎన్నూరు చరిత్ర దీనికి నిదర్శనము. 2017 జనవరి 28న అచ్చటి కామరాజరు రేవు చెంత రెండు ఓడలు ఢీకొనగా, చిక్కని చమురు ఒడ్డునున్న ఱాళ్లకు పట్టెను. ఆ జిగటను యంత్రములు చాలినంతగా లాగలేకపోగా, మనుష్యులు బొక్కెనలతో ఎత్తిపోయవలసి వచ్చెను. 2023 డిసెంబరులో మిగ్జాం తుపాను వరదతో మనలి కర్మాగారముల ప్రాంతమునుండి చమురు బకింగుహాము కాలువ మీదుగా ఎన్నూరు ఏటిపాయలోనికి దిగి, మడచెట్ల వేళ్లకును జాలరుల పడవలకును పట్టెను. ఱాళ్లమీది చమురును గోకి తీయవచ్చును. మడచెట్ల బురదలో మనుష్యులు త్రొక్కినచో అది మఱింత లోనికి దిగును. ఊరొకటే, చోటు మాఱుటచే పని మాఱినది.

ఇక మన నేలల సంగతి. చమురు పడగానే పలువురు నీళ్లు కొట్టి కడుగుదురు. ఇంతకంటె చెఱుపు లేదు. గజము మేర నున్న చమురు నాలుగు గజములు ప్రాకి, తుదకు బావినో కాలువనో చేరును. చుట్టును మట్టికట్ట వేసి, పైన ఊకయో, రంపపుపొట్టో, పొడిమన్నో చల్లి, పీల్చిన పిదప పారతో ఎత్తవలెను. చల్కలో చమురు త్వరగా ఇంకును. నల్లరేగడిలో వేసవి నెఱియల వెంట లోతునకు జాఱును. రెంటను ఆలస్యము పనికిరాదు.

మిగిలినది కొద్దిపాటి డీజిలైనచో నేలలోని సూక్ష్మజీవులే దానిని తినివేయును. దున్ని గాలి తగులనిచ్చి, తేమ నిలిపి, మాగిన పశువుల ఎఱువు వేసినచో వాని పని వేగిరపడును. అవి నేలలోని నత్రజనిని తామే తీసికొనుటచే పైరు పసుపువాఱును గావున, వాసన పోవువఱకు విత్తరాదు. వాడిన ఇంజను నూనెలో లోహముల పొడి కలిసియుండును. దానిని ఏ జీవియు తినదు. ఆ మన్నును పొలమున చల్లక సంచులలో వేఱుగా నుంచవలెను.

పారు కాలువలో చమురు కనబడినచో ముందుగా తూము మూయుడు. పిదప గోనెలో వరిగడ్డి కూరి చుట్టిన మోపులను త్రాటికి గట్టి, కాలువకు అడ్డముగా గాక ఏటవాలుగా వేయుడు. అడ్డముగా వేసినచో ప్రవాహపు వడికి చమురు క్రిందుగా దాటిపోవును. ఏటవాలుగా నున్నచో గట్టువైపునకు మలగి నెమ్మదినీట చేరును. అచ్చట ముంచి తీయవచ్చును. గడ్డి నీటిని సైతము పీల్చును గాన, బరువెక్కి మునుగకముందే మార్చవలెను. చిన్న కాలువకు మట్టికట్ట వేసి, ఎగువ కొన నీటి యడుగునను దిగువ కొన ఎత్తునను ఉండునట్లు ఒక గొట్టము అమర్చినచో, అడుగునీరు సాగిపోవును, పైని చమురు నిలిచిపోవును.

చెఱువులో గాలి చమురును ఒక మూలకు నెట్టును. ఆ మూలనే పని చేయవలెను. వరిమడిలో చేరినచో వెంటనే నీరు తీసివేయ జూతురు. అట్లు చేసినచో చమురు పొరుగువాని మడికి పోవును, లేదా నీరింకిన కొలది బురదమీద వాలును. ముందు గండి మూసి, పైతెట్టు తీసి, పిమ్మటనే నీటిసంగతి చూడవలెను. సబ్బునీరు చల్లుట మఱియొక పొరపాటు. తెట్టు కంటికి మాయమగునే గాని నీటిలో కలిసి చేపలను చంపును.

పెట్రోలు ఒలికినచో పైవేవియు చేయరాదు. గాలికి ఎదురుదిక్కునకు తొలగి, నిప్పు రానీయక, 112కు తెలుపవలెను. 2017 జూన్ 25న పాకిస్తానులోని అహమ్మదుపూరు తూర్పున బోల్తాపడిన టాంకరునుండి పెట్రోలు పట్టుకొనబోయి 200 మందికి పైగా మరణించిరి.

ఇదంతయు ప్రభుత్వపు పని, మనకేల యని కొందఱందురు. ఖర్చును, శిక్షయు ప్రభుత్వమువే; మేమును అంగీకరింతుము. సముద్రమున ఈ బాధ్యత తీరరక్షక దళమునకు ఒప్పగింపబడినది. కాని మన కాలువగట్టున మొదటి గడియలో నుండువాడు రైతే. చమురు ఉత్తరప్రత్యుత్తరములకై ఆగదు.

కావున మా సూచనలు మూడు. ప్రతి సంఘపు గిడ్డంగిలో గోనెసంచులు, త్రాళ్లు, ఊక, ఒక గొట్టము సిద్ధముగా నుంచి, తూము మూయువాని పేరు ముందే నిర్ణయింపవలెను. చమురు కనబడిన దినమున రెండు గాజుసీసాలలో ఆ నీరు పట్టి, వేళయు చోటును వ్రాసి కాలుష్య నియంత్రణ మండలికి పంపవలెను. మూడవది ముఖ్యము: పాతబస్తీ మెకానికులతో మన సంఘములు నేరుగా మాటలాడవలెను. వాడిన నూనె అమ్ముడుపోవు సరకు. దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుండి ఉత్పత్తిదారులపై నియమములు మోపినవి. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో పెక్కు పేటలు మునిగినవి. అట్టి వరదలో నేలనున్న ప్రతి పీపాయి మూసీదారి పట్టును. వానలకు ముందే పీపాలను అరుగులకెక్కించుడని వారిని అడుగుట మన హక్కు. వారి కష్టమును వినుట మన ధర్మము. దుకాణమున ఒక్క పీపాలో నిలుచు చమురు దిగువకు వచ్చిన పిదప నూఱు మడులలో దొరకదు. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ విషయమును తీర్మానముగా పెట్టవలెనని కోరుచున్నాము.