ఏ భాషలో రాద్దాం మామా?

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తెలుగువాళ్ళు నా తరంలో తక్కువ. నేనైతే ఆ పలకల ధూళిలోనే పెరిగాను. మా మేనమామకు ఊరి బయట చిన్న పలకల ఫ్యాక్టరీ ఉంది. 2001లో సెలవులకు వెళ్తే ఆయన నాలుగు ఖాతా పుస్తకాలు నా ముందు పడేసి, ‘కంప్యూటరు చదువుకున్నావు గదా అల్లుడూ, ఈ లెక్కలేందో దాంట్లోకి ఎక్కించు’ అన్నాడు. ఒంగోల్లో ఫాక్స్‌ప్రో నేర్చుకుని అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు నాకు. వచ్చిన భాష అదొక్కటే కాబట్టి ఏ భాషలో రాయాలన్న ప్రశ్నే రాలేదు. వారం రోజులు కూచుని రాసేశాను. ఎవరెన్ని పలకలు కోశారు, ఎవరెన్ని చట్రాలు బిగించారు, ఎవరికెంత రావాలి, పండక్కి తీసుకున్న అడ్వాన్సులో ఎంత తెగింది... అంతా అందులోనే.

ఆ ప్రోగ్రాము పదిహేనేళ్ళు పనిచేసింది. తర్వాత హైదరాబాదులో ఏసీ గదుల్లో కూచుని నేను రాసిన వాటిల్లో ఒక్కటీ అన్నాళ్ళు బతకలేదు. (ఈ సంగతి మా మామకు ఇంతవరకూ చెప్పలేదు.)

2016లో ఆ పాత కంప్యూటరు కన్నుమూసింది. కొత్తది కొన్నారు. నా ప్రోగ్రాము దాంట్లో పెడితే ఉలకదు, పలకదు. కారణం చాలా చిన్నది. నేను వాడింది 16 బిట్ల కాలం నాటి ఫాక్స్‌ప్రో. కొత్త కంప్యూటర్లో ఉన్నది 64 బిట్ల విండోస్. అది 16 బిట్ల ప్రోగ్రాములను దగ్గరికి కూడా రానివ్వదు. ఫాక్స్‌ప్రోని మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1992లో కొనుక్కున్నారు, దాని చివరి వెర్షను 2004లో తెచ్చారు, 2015 జనవరితో చేతులు దులిపేసుకున్నారు. డాస్‌బాక్స్ అనే ఉపాయంతో ఎలాగో తెర మీదికి తెప్పించాను కానీ, ప్రింటరు మాత్రం మాట వినలేదు.

అసలు చిక్కు అది కాదు. ఆ వారం బట్వాడా రోజున ఒకావిడ వచ్చి, తన అడ్వాన్సు ఎప్పుడో తీరిపోయిందని, ఇంకా కోస్తున్నారని గొడవ పెట్టుకుంది. మా మామ తీరలేదంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పడానికి పుస్తకం లేదు. పుస్తకాలు రాయడం మాన్పించిన ఘనుణ్ణి నేనే.

ఒక అదృష్టం ఏమిటంటే, ఫాక్స్‌ప్రో తన లెక్కలను డీబీఎఫ్ అనే ఫైళ్ళలో దాస్తుంది. అందులో అంకెలు అంకెల్లాగే, అక్షరాలు అక్షరాల్లాగే ఉంటాయి. నోట్‌ప్యాడులో తెరిచినా సగం అర్థమవుతాయి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసులో తెరిస్తే పదిహేనేళ్ళ లెక్క బారులు తీరి నిలబడింది. భాష పోయినా లెక్క మిగిలింది. ఎవరైనా ప్రోగ్రాము రాయిస్తుంటే నేను మొదట అడిగేది ఇదే: రేపు ఈ ప్రోగ్రాము లేకపోతే మన లెక్కలు మనం చదువుకోగలమా?

తెరిచి చూస్తే ఆవిడే గెలిచింది. తప్పు భాషది కాదు, నాది. నా ప్రోగ్రాములో తెలుగు లేదు, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. పేరు చివర ‘అయ్య’ ఉన్నవాళ్ళను గుమాస్తా ఒకసారి ‘ఐ ఏ హెచ్’ అనీ, ఇంకోసారి ‘వై వై ఏ’ అనీ కొట్టాడు. ‘అమ్మ’లకూ అదే గతి. ఒకే మనిషి రెండు మూడు ఖాతాలైంది. ఆవిడ కట్టింది ఒక ఖాతాలో జమైతే, బాకీ ఇంకో ఖాతాలో కదలకుండా కూచుంది. కూలి చీటీ కూడా ఇంగ్లీషులోనే ఇచ్చేవాళ్ళం, చదివి తప్పు పట్టే వీలు కూడా ఆవిడకు లేదు.

ఆ దసరాకి ఇంట్లో సభ జరిగింది. బెంగుళూరు నుంచి వచ్చిన చిన్నల్లుడు పైథాన్ అన్నాడు. అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన ఇంకొకడు డాట్‌నెట్ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. 1999లో అదే అమీర్‌పేటలో మావాళ్ళంతా కోబాల్ నేర్చుకున్నారు, వైటూకే పుణ్యమా అని. ఆ ఏడాది దాటగానే దాన్ని మర్చిపోయారు. కోబాల్ మాత్రం ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తూనే ఉంది. డబ్బు లెక్క దానికి బాగా తెలుసు.

డబ్బు లెక్క అంటే గుర్తొచ్చింది. పలకకు ఇన్ని పైసలని కూలి కట్టేచోట ఇది ముఖ్యం. మామూలుగా రాస్తే జావా అయినా పైథాన్ అయినా 0.1కి 0.2 కలిపితే 0.3 అనవు, చివర ఎక్కడో 4 తగిలిస్తాయి. మనం పదుల్లో లెక్కపెడితే యంత్రం రెండుల్లో లెక్కపెడుతుంది, పదోవంతు దానికి సరిగ్గా తెగదు. మందు తేలికే. రూపాయలుగా కాకుండా అన్నీ పైసలుగా, పూర్ణసంఖ్యల్లో దాచుకుంటే సరి. ఏ భాషలోనైనా చెల్లుతుంది. అంటే కూలి లెక్క కోసం భాష వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు కోసం మాత్రం వెతకాలి. జావా 1995లో పుట్టినప్పుడే యూనికోడ్‌ని నమ్ముకుంది. పైథాన్‌లో అక్షరాల మాట అలా కుదుటపడింది 2008లో వచ్చిన మూడో వెర్షనుతో. మా చిన్నల్లుడు చెప్పిందేమో పాత 2.7. దానికి 2020 జనవరి 1న నీళ్ళొదిలేశారు.

మేం ఇలా వాదించుకుంటుంటే మా మామ తువాలు దులుపుకుంటూ, ‘సరేగానీ అబ్బాయా, మీలో ఊళ్ళో ఉండేదెవరు?’ అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఒకడి రైలు మర్నాడే.

వంటింటి గుమ్మంలో ఆయన కోడలు నిలబడి ఉంది. గిద్దలూరు పిల్ల, బీఎస్సీ కంప్యూటర్స్. పెళ్ళయి రెండేళ్ళయినా ఆ చదువు సంగతి మాలో ఒక్కరూ ఎత్తలేదు. ‘నీకేం వచ్చమ్మా?’ అనడిగాడు మామ. ‘కాలేజీలో జావా చెప్పారు మామయ్యా. మరిచిపోయాననుకుంటా, మళ్ళీ చూస్తే వస్తుంది’ అంది. నా లెక్క ప్రకారం ఆ చిన్న పనికి జావా ఎక్కువ, నాలుగు వాక్యాల చోట పది రాయాలి. పైకి చెప్పలేదు. 2001లో నాకొచ్చిన ఫాక్స్‌ప్రోతో నేనేం చేశానో గుర్తుంది కనుక.

ఆ అమ్మాయికి నాలుగు నెలలు పట్టింది. రాత్రిళ్ళు ఫోన్లో నేను కొంత చెప్పాను, ఎక్కువ తనే తిప్పలు పడింది. ఒకే మనిషి రెండు ఖాతాలు ఎవరివో కనుక్కోవడానికి ఒక్కొక్కరినీ కూచోబెట్టి అడిగింది. తేలిన బాకీలు మా మామ తిరిగిచ్చాడు, గొణుక్కుంటూనే.

మొదటి తెలుగు చీటీలు ఇచ్చిన రోజున గొడవ పెట్టుకున్న ఆవిడే చీటీని వెలుతురుకు పట్టుకుని చూసి, ‘బాకీ అట్టడుగున రాస్తే ఎట్టా కనపడుద్దమ్మే? పేరు పక్కనే రాయి’ అందట. వచ్చే శనివారం చీటీలో పేరు పక్కనే ఉంది.