ఎనిమిది కిలోమీటర్ల సముద్రం మనది, కాపలా పడవ ఎక్కడ?

నెల్లూరు తీరంలోని పాళెం పెద్దకాపులకు, వేటకు పోయే అన్నదమ్ములకు, చేపల గంప మోసే అక్కచెల్లెళ్ళకు:

సోనా బోట్లు, తమిళ తీరపు పెద్ద మరబోట్లు, మళ్ళీ వచ్చాయి. తుమ్మలపెంట నుంచి కోడూరు దాకా ఏ పాళెంలో చదివినా ఈ ఒక్క మాట చాలు, మిగతాది మీకే తెలుసు. కడలూరు, నాగపట్నం, కారైకాల్ వైపు నుంచి గుంపుగా దిగుతున్నాయి. ఒడ్డు మీది దీపాలు కనిపించేంత దగ్గరికొచ్చి అడుగంతా ఊడ్చుకుపోతున్నాయి. మన ఫైబర్ పడవకుండేది పది హార్స్‌పవర్ ఇంజను. మరబోట్లకు తమిళనాడు తన సొంత నిబంధనల్లో పెట్టుకున్న పరిమితే 240 హార్స్‌పవర్. ఆ ఇంజను ముందు మన పడవ ఏం నిలుస్తుంది?

అమావాస్య దాటిన మర్నాడు మా పాళెం వాళ్ళు సాయంత్రం వేసిన వలలు తెల్లారేసరికి లేవు. చెదిరిన బెండ్లు కొన్ని తేలుతూ కనిపించాయి. వలకు తెచ్చిన అప్పు మాత్రం ఒడ్డునే ఉంది. ఫిర్యాదు చేయడానికి పోతే అక్కడి అధికారి అడిగిన మొదటి ప్రశ్న, బోటు నంబరు రాసుకున్నారా అని. లైట్లు ఆర్పుకుని వచ్చే బోటు నంబరు చీకట్లో ఎవరు చదవగలరు? ఆయన రెండో మాట ఇంకా ఘోరం: సముద్రంలోకి పోవడానికి మా దగ్గర బోటు లేదన్నాడు. ఈ కరపత్రం రాయించింది ఆ రెండో మాటే.

చట్టం లేక కాదు ఈ గతి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం 1994లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా ఉన్న సముద్రం సంప్రదాయ పడవలది. మరబోటు ఆ గీత లోపల వల దించకూడదు. పెద్ద ట్రాలర్లు ఇంకా అవతలే ఉండాలి. బోటును ఆపి సోదా చేయడానికి, పట్టుకోవడానికి అధికారులకు చట్టం అధికారం ఇచ్చింది. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా వేటను అదుపు చేసే బాధ్యత రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానిది, ఆ అవతల కేంద్రానిది. మన వలలు పోయిన చోటు ఆ 12 మైళ్ళకు ఎంతో ఇవతల. కాబట్టి ఢిల్లీ చూసుకోవాలి, చెన్నై చూసుకోవాలి అనే మాట ఎవరూ ఎత్తనక్కర్లేదు. బోటు మీద ‘ఐఎన్‌డి–టీఎన్’ అని ఉన్నా, ‘ఐఎన్‌డి–ఏపీ’ అని ఉన్నా ఈ నీళ్ళలో వర్తించేది ఈ చట్టమే.

ఈ చట్టం దయతో రాలేదు. 1950ల్లో నార్వే సాయంతో కేరళలో మొదలైన ప్రాజెక్టు దేశానికి ట్రాల్ వేట నేర్పింది. విదేశీ మార్కెట్లో రొయ్యకు ధర పలికేసరికి ఆ బోట్లు లోతుకు పోవడం మానేసి ఒడ్డుకు చేరాయి. 1970ల్లో గోవాలో, తమిళనాడులో, కేరళలో నాటుపడవల వాళ్ళు ఎదురు తిరిగారు. నడిసముద్రంలో కొట్లాటలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1976లో కేంద్రం మజుందార్ కమిటీ వేసింది. ఆ తర్వాత రాష్ట్రాలకు ఒక నమూనా బిల్లు పంపింది. కేరళ, గోవా 1980లోనే చట్టం చేసుకున్నాయి, తమిళనాడు 1983లో చేసుకుంది. మన రాష్ట్రానికి 1994 దాకా తీరిక దొరకలేదు. ఈరోజు మన మీదికి బోట్లు వస్తున్న రాష్ట్రం తన నాటుపడవలకు మూడు నాటికల్ మైళ్ళ గీత ఏనాడో గీసుకుంది. అక్కడి నీళ్ళలో తప్పయినది ఇక్కడి నీళ్ళలో ఒప్పవుతుందా?

ఎనిమిది కిలోమీటర్లు ఎందుకు అన్నది చదువుకున్నవాళ్ళు కొందరు మర్చిపోయారు, వాళ్ళ కోసం రాస్తున్నాం. పెన్నా సముద్రంలో కలిసే చోట, స్వర్ణముఖి కలిసే చోట, ఉప్పుటేర్ల ముఖద్వారాల దగ్గర, లోతు తక్కువున్న బురదనేలలో రొయ్యపిల్ల పెరుగుతుంది, చేపపిల్ల మేత తింటుంది. మనం వేసే నిలువువల కంటిని బట్టి ఒక సైజు చేపను పడుతుంది, చిన్నది దూరి పోతుంది. ట్రాల్ వల సంగతి వేరు. దాని నోటికి రెండు పక్కలా బరువైన బల్లలుంటాయి. అవి అడుగును కెలుకుతూ పోతుంటే పిల్లా పెద్దా, గుడ్డుతో ఉన్న పీతా, అన్నీ వల చివర సంచిలో పడతాయి. ఆ సంచి కన్ను ఎంత చిన్నదైతే అంత లాభం బోటు యజమానికి. అమ్ముడుపోయే నాలుగు రకాలు ఐసులోకి పోతాయి. మిగతాదంతా చెత్తచేప పేరుతో లారీలెక్కి చేపపిండి మిల్లుకు, అక్కణ్ణుంచి కోళ్ళ దాణాకు, రొయ్యల చెరువుల మేతకు పోతోంది. ఆ చెత్తలో ఉన్నవి రేపటి వంజరాలు, చందువలు, కానాగంతలు. మన బిడ్డలు పట్టాల్సిన చేపను పిండి చేసి అమ్ముకుంటున్నారు.

కళ్ళారా చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒడ్డు వెంట నడవండి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేళ్ళు చచ్చి కొట్టుకొస్తాయి. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. అందుకే రొయ్యల ట్రాల్ వలకు తాబేలు తప్పించుకునే టెడ్ అనే పరికరం అమర్చాలని మన నిబంధనల్లోనే ఉంది. అమర్చడం లేదు కాబట్టే 2019 నుంచి అమెరికా భారతదేశపు సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. తాబేలుతో పాటు మన రొయ్య ధర కూడా పోయింది. వల కన్ను 15 మిల్లీమీటర్ల కంటే చిన్నదిగా ఉండకూడదన్న నిబంధనకూ ఇదే గతి. సముద్రంలోకి పోయి కొలిచేవాడు లేడు, రేవులో కొలిచేవాడూ లేడు.

ఇక మెత్తగా రాయలేం. కాపలా లేని గీత, కంచె లేని చేనుకు పాతిన హద్దురాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, గీత గీసి మమ్మల్నే కాపలా కాసుకోమని వదిలేశాయి. మేం కాస్తే ఏమవుతోంది? వల పోగొట్టుకున్న కుర్రాళ్ళు కడుపు మండి నాలుగు పడవలేసుకుని పోయి బోటును పట్టుకొస్తారు. అప్పుడు ఆగమేఘాల మీద పోలీసులు వస్తారు, శాంతిభద్రతల సమస్య అంటారు. రెండు పక్కల పెద్దలనూ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. బోటు వెళ్ళిపోతుంది, వల నష్టం ఎవరూ కట్టరు, మన కుర్రాళ్ళ పేర్లు మాత్రం స్టేషన్లో ఉండిపోతాయి. 2008 ముంబయి దాడుల తర్వాత తీరమంతా మెరైన్ పోలీసు స్టేషన్లు పెట్టారు. మా గుర్తింపు కార్డు అడుగుతారు, మా పడవ రంగు చూస్తారు. అంత కాపలా కాయగలిగిన ప్రభుత్వానికి గుంపుగా వచ్చే బోట్లు కనిపించవంటే నమ్మం.

కాపలా లేని చోట పల్లెకు పల్లే శత్రువవుతుంది. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం వలల విషయంలో కొట్టుకున్నాయి. ఒకే సముద్రం, ఒకే కులదైవం, ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు. 2022 జనవరిలో విశాఖలో రింగువలల గొడవకు పడవలు తగలబడ్డాయి. ఏ వల ఎక్కడ వేయాలి, దాని కన్ను ఎంతుండాలి అని తేల్చాల్సింది మత్స్యశాఖ. అది తేల్చకపోతే కర్రలతో, నిప్పుతో తేల్చుకునే రోజొస్తుంది. అది ఇప్పటికే రెండు చోట్ల వచ్చింది. మన తీరానికి రాకముందే మేలుకోమంటున్నాం.

తమిళ మత్స్యకారులూ పేదవాళ్ళే కదా అని అడిగేవాళ్ళున్నారు. బోటు మీద కూలికి వచ్చినవాడు మన అన్నదమ్ముడే, వాడి మీద చెయ్యెత్తకండి. మేం నిలదీసేది బోటు యజమానిని. మన రాష్ట్రపు మరబోట్లు కూడా గీత లోపలికి వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి. నిజాంపట్నం బోటైనా, కాకినాడ బోటైనా, విశాఖ బోటైనా అదే శిక్ష పడాలి. వేట హక్కును ఇలా అడ్డుకోవడం చెల్లదని వాదించేవాళ్ళకు కేరళ కేసులో 1993లో సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. నాటుపడవల వాళ్ళ బతుకు కోసం రాష్ట్ర జలాల్లో పెద్ద వలలను నిషేధించవచ్చని తేల్చింది.

వేట నిషేధ కాలపు భృతి పెంచారు, ఇంకేం కావాలి అనే మాట కూడా వింటున్నాం. 4 వేలుండేది 2019లో 10 వేలైంది, 2025లో 20 వేలైంది. కాదనం, ఆ డబ్బుతో ఇళ్ళు గడిచాయి. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మనం పస్తులుండి పెంచిన చేపను జూన్ 15న ఎవరు ఎత్తుకుపోతున్నారు? నిషేధం మన ఆకలితో నడుస్తోంది, దాని ఫలితం ఇంకొకరి బోటులో పడుతోంది. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళకు భృతి జాబితాలో చోటే లేకపోవడం ఇంకో అన్యాయం.

దగ్గరి సముద్రం ఖాళీ అయితే ఏమవుతుందో శ్రీకాకుళం తీరాన్ని అడగండి. ఇంటి ముందే సముద్రం ఉండి కూడా అక్కడి కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ దాకా కూలికి పోతున్నారు. అలా పోయినవాళ్ళే 2018లో పాకిస్తాన్‌కు చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరారు. వాళ్ళ కథ సినిమా అయితే అందరం చూసి కంటతడి పెట్టుకున్నాం. వాళ్ళు ఊరెందుకు వదిలారని మాత్రం ఎవరూ అడగలేదు. పదేళ్ళ తర్వాత మన పాళేల గతి అదే కావాలా?

మేం అడిగేది కొత్త చట్టం కాదు. తీరంలో ప్రతి జిల్లాకూ రాత్రీ పగలూ తిరిగే గస్తీ బోటు కావాలి. అందులో మత్స్యశాఖ అధికారితో పాటు పాళెం మనిషి ఒకరుండాలి, ఎందుకంటే చీకట్లో ఇంజను చప్పుడు విని ఏ బోటో చెప్పగలిగేది వాడే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశంలో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నారు. ఇస్రో తయారుచేసిన ఆ పరికరం పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతుంది. మరబోటు 8 కిలోమీటర్ల గీత దాటి లోపలికి రాగానే ఆ సమాచారం మత్స్యశాఖకు చేరాలి, అదే రోజు మన పంచాయతీకీ అందాలి. అప్పుడు నంబరు రాసుకున్నారా అని ఎవరూ మనల్ని అడగలేరు. దాన్ని ఆపేసి తిరిగిన బోటుకు లైసెన్సు రద్దు చేయాలి. కోసిన వలకు నష్టం బోటు యజమాని నుంచి వసూలు చేసి నెలలోపు ఇప్పించాలి. ఇన్ని సెంటీమీటర్ల కంటే చిన్న చేపను పట్టకూడదు, అమ్మకూడదు అని కేరళ 2015లో రకానికో కొలత పెట్టింది. ఆ నిబంధన ఇక్కడా పెడితే చేపపిల్లతో నిండిన లారీని రోడ్డు మీదే ఆపవచ్చు, దానికి పడవ కూడా అక్కర్లేదు.

ఇవన్నీ ఒక్కరోజులో కావని చెప్తారు. ఒక్క పని మాత్రం ఈ ఏడే చేయవచ్చు. నిషేధం 61 రోజులూ తూర్పు తీరంలో ప్రతి మరబోటూ రేవులో కట్టేసి ఉంటుంది, మన రాష్ట్రంలోనూ, తమిళనాడులోనూ. రెండు రాష్ట్రాల అధికారులు కలిసి ఒక్కో బోటూ ఎక్కాలి. వల సంచి కన్ను కొలవాలి, టెడ్ ఉందో లేదో చూడాలి, ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోందో పరీక్షించాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ బోటు జూన్ 15న రేవు దాటకూడదు.

1990ల్లో లోతు సముద్రాన్ని విదేశీ ఓడలకు రాసిచ్చినప్పుడు దేశంలోని రేవులన్నీ కలిసి సమ్మె చేశాయి. ప్రభుత్వం మురారి కమిటీ వేసింది, 1996లో ఆ కమిటీ విదేశీ ఓడల అనుమతులు రద్దు చేయమంది. కలిసి అడిగితే ఢిల్లీయే దిగివచ్చింది. నిషేధం మొదలయ్యేలోపు ప్రతి పాళెంలో సభ పెట్టండి. పైన రాసిన తనిఖీ కోరుతూ తీర్మానం రాయండి. మగవాళ్ళు వేటలో ఉంటే ఆడవాళ్ళే కూర్చుని సంతకాలు పెట్టండి. పోయిన వలల లెక్క, తేదీ, ఒడ్డు నుంచి దూరం దానికి జతచేయండి. ఏప్రిల్ 10లోపు కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.