యాంగోన్ (రంగూన్)

యాంగోన్ మయన్మార్ (పూర్వపు బర్మా) దేశంలో అన్నిటికంటే పెద్ద నగరం, ప్రధాన ఓడరేవు. దీని పాత పేరు రంగూన్. ఉత్తరాంధ్ర ప్రజలు 'రంగం' అనేవారు. సముద్రానికి సుమారు 30 కిలోమీటర్ల ఎగువన, యాంగోన్ నది ఒడ్డున ఈ నగరం ఉన్నది. 2005 నవంబరులో సైనిక ప్రభుత్వం తన కార్యాలయాలను నేపిడాకు తరలించడం ప్రారంభించింది. దానితో రాజధాని హోదా పోయినా, దేశ వాణిజ్యానికి నేటికీ ఇదే కేంద్రం. అయితే రేవును, రైళ్ళను, కర్మాగారాలను నడిపే శ్రామికులను ఈ నగరం గత నూరేళ్ళలో మూడు పర్యాయాలు పోగొట్టుకున్నది.

చరిత్ర

పూర్వం ఇది శ్వేడగోన్ పగోడా సమీపాన వెలసిన మోన్ జాతివారి ఊరు. అప్పటి పేరు దగోన్. 1755లో అలౌంగ్‌పయా రాజు దీనిని జయించి 'యాంగోన్' అని పేరు పెట్టాడు. ఈ మాటకు 'కలహాల అంతం' అని అర్థం. 1852లో రెండవ ఆంగ్లో-బర్మా యుద్ధంలో నగరం బ్రిటిషువారి వశమైనది. గళ్ళ నమూనాలో, నేరుగా సాగే వీధులతో వారు దీనిని తిరిగి నిర్మించారు. 1885లో జరిగిన మూడవ యుద్ధం తరువాత ఇది బర్మా అంతటికీ రాజధాని అయినది.

ఐరావతి డెల్టా బియ్యం ఎగుమతి పెరిగేకొద్దీ రేవులో కూలీల అవసరం పెరిగినది. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుండి తెలుగువారు వేల సంఖ్యలో ఓడలెక్కి ఇక్కడికి చేరారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరుమీద వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. మేస్త్రీల ద్వారా పని దొరికేది. 1931 జనాభా లెక్కల ప్రకారం నగరవాసులలో సగానికి పైగా భారతీయులే.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. ఓడల యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె ముగియగానే ఆ కొత్తవారిని తొలగించాయి. దీంతో మే 26న చెలరేగిన అల్లర్లలో నూరుమందికి పైగా మరణించారు. ఇరుపక్షాలూ పేద కూలీలే. తగవు మాత్రం జాతి వైరంగా మారినది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు నగరంపై బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలో అనేకులు రోగాలతో, ఆకలితో చనిపోయారు. ఇది మొదటి నష్టం. 1962లో అధికారానికి వచ్చిన నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేయగా, 1964 నుండి సుమారు 3 లక్షల మంది భారతీయులు దేశం విడిచారు. ఇది రెండవ నష్టం. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల జ్ఞాపకాన్ని నేటికీ నిలుపుతున్నది.

ముఖ్య కట్టడాలు

* శ్వేడగోన్ పగోడా: సుమారు 99 మీటర్ల ఎత్తుగల, బంగారు తాపడం చేసిన బౌద్ధ స్తూపం.
* సూలే పగోడా: నగర నడిబొడ్డున ఉన్నది. బ్రిటిషువారి వీధుల ప్రణాళికకు ఇదే కేంద్రం.
* సచివాలయం: 1947 జూలై 19న ఆంగ్ సాన్, ఆయన సహచరులు ఈ భవనంలోనే హత్యకు గురయ్యారు.
* బహదూర్ షా జఫర్ దర్గా: 1862లో ఇక్కడ ప్రవాసంలో మరణించిన చివరి మొఘల్ చక్రవర్తి సమాధి.

వలస పాలన నాటి కట్టడాల రక్షణకు 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు ఏర్పడినది.

రవాణా

దేశంలో మొదటి రైలు 1877లో రంగూన్, ప్రోమ్ పట్టణాల మధ్య నడిచినది. నగరం చుట్టూ తిరిగే వలయ రైలుమార్గం పొడవు సుమారు 46 కిలోమీటర్లు. తక్కువ ఛార్జీ కావడంతో కూరగాయల వ్యాపారులకు, కూలీలకు ఇది ముఖ్య ఆధారం. నగరంలో మోటారు సైకిళ్ళపై 2003లో నిషేధం విధించారు. 2017 జనవరిలో బస్సు మార్గాలను పునర్వ్యవస్థీకరించారు. ఆవలి ఒడ్డున ఉన్న దలాకు పడవలు నడుస్తాయి. నదిలో పూడిక వలన పెద్ద ఓడలు నగర రేవుకు రాలేవు. అందుచేత దిగువన తిలావా వద్ద మరింత లోతైన రేవును అభివృద్ధి చేశారు.

2021 తరువాతి పరిస్థితి

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారాన్ని చేజిక్కించుకున్నది. నిరసనగా వైద్యులు, ఉపాధ్యాయులతోపాటు రైల్వే కార్మికులూ విధులను బహిష్కరించారు. మార్చి 10న భద్రతా బలగాలు మహ్ల్వాగోన్‌లోని రైల్వే ఉద్యోగుల నివాసాలను చుట్టుముట్టగా, అనేక కుటుంబాలు ఇళ్ళు వదలవలసి వచ్చినది. మార్చి 14న వస్త్ర కర్మాగారాలు అధికంగా ఉన్న హ్లైంగ్ తాయాలో జరిపిన కాల్పులలో పదుల సంఖ్యలో ప్రజలు మరణించారు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని అమలులోకి తేవడంతో యువకులు పెద్దసంఖ్యలో దేశం విడిచారు. ఇది మూడవ నష్టం.

విదేశీ పెట్టుబడులూ తరలిపోయాయి. సైన్యానికి చెందిన కంపెనీ స్థలంలో చేపట్టిన టెర్మినల్‌ను భారతదేశపు అదానీ పోర్ట్స్ సంస్థ 2023లో 3 కోట్ల డాలర్లకు అమ్మివేసినది.

1942లో యుద్ధం, 1964లో జాతీయీకరణ, 2021 తరువాత అణచివేత: కారణాలు వేరైనా ఫలితం ఒకటే. ప్రభుత్వ కార్యాలయాలను నేపిడాకు తరలించగలిగారు గాని, డెల్టా జలమార్గాలతో ముడిపడిన ఈ రేవును తరలించలేరు. టెర్మినళ్ళను కొనవచ్చును, అమ్మవచ్చును. పని తెలిసిన శ్రామికులు తిరిగిరావడం మాత్రం వారికి లభించే భద్రతపై ఆధారపడి ఉన్నది.