ఆట నాన్నది కూడా

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టిన 'బ్లూయి' కార్టూన్‌ని మన ఇళ్లలో పిల్లల కోసం పెడతాం కానీ, అది ముందు చూడాల్సింది తండ్రులు. జో బ్రమ్ సృష్టించిన ఈ ఏడేసి నిమిషాల కథలు 2018 అక్టోబరులో అక్కడి ఏబీసీ టీవీలో మొదలయ్యాయి. బ్యాండిట్ అనే కుక్క నాన్న వృత్తికి పురాతత్వవేత్త. ఇంట్లో మాత్రం కూతుళ్లు ఆరేళ్ల బ్లూయి, నాలుగేళ్ల బింగో ఎలా ఆడమంటే అలా ఆడతాడు. బెలూన్ నేలకు తగలకూడదంటే ఇల్లంతా పరిగెత్తుతాడు, జైలోఫోన్ మోగితే ఎక్కడివాడక్కడ శిలలా బిగుసుకుపోతాడు. నియమాలు పిల్లలవి, వాటిని ఆయన పాటిస్తాడు. పిల్లల్ని ఆడిస్తున్నానన్న పెద్దరికం ఆయనలో కనిపించదు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మన సంగతి వేరు. మెల్‌బోర్న్, సిడ్నీ శివార్లలో మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది పిల్లల్ని ఈతకీ, కూచిపూడికీ, ట్యూషన్‌కీ కారులో తిప్పి, పార్కుకి రాగానే బెంచీ మీద కూలబడి ఫోను తీస్తారు. అలసట నిజమే, ఇంటి అప్పూ నిజమే. అయినా చిన్నప్పుడు ఏడుపెంకులాటలో బంతి దెబ్బ తప్పించుకున్న వీపు, కోతికొమ్మచ్చిలో కొమ్మ పట్టుకు వేలాడిన చేతులు మనవే కదా! పిల్లల పెంపకం కోసమని కాదు, మన కోసమే లేచి ఆడాలి. పెంకులు లేకపోతే చదునైన రాళ్లు చాలు, టెన్నిస్ బంతి ఎక్కడైనా దొరుకుతుంది. ఊరి నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటే వాళ్లనీ జట్టులో కలుపుకోండి. నియమాల దగ్గర తగవొస్తే తీర్పు చెప్పగలిగింది వాళ్లే.