పిల్లి పెట్టే బిచ్చం

పిసినారిని తిట్టాలంటే మన నోటికి ముందుగా వచ్చే మాటలు రెండు. పిల్లికి బిచ్చం పెట్టడు అన్నది ఒకటి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అన్నది మరొకటి. ఈ రెండోదాన్ని మన పక్కింటి కన్నడంవారు కూడా అచ్చంగా అదే అర్థంలో అంటారు గనక, ఈ కొలబద్ద హద్దుకు అటూ ఇటూ కూడా చెల్లుతుందన్నమాట. కాని చిత్తగించండి, రెంటిలోనూ పెట్టేవాడు మనిషి, పుచ్చుకునేది జంతువు. జంతువే తెచ్చి మనకు పెడితే దాన్నేమనాలో పెద్దలు సామెత చెప్పి పోలేదు. ఈ నెల మా ముచ్చట దాన్ని గురించి.

బళ్ళారి సీమలో పూర్వం పిల్లిని ముద్దుకోసం పెంచిన ఇళ్ళు తక్కువ. జొన్నలు, వేరుసెనగ, సిరుగుప్ప వైపు కాలువ కింద వడ్లు. ధాన్యమున్న చోట ఎలుక, ఎలుక ఉన్న చోట పిల్లి. గాదె దగ్గర జీతం లేని కాపలా అది. 1896లో బొంబాయిలో బయలుదేరిన ప్లేగు దక్కను సీమలోకి పాకినప్పుడు, ఎలుకలు పడుతున్నాయంటే చాలు, జనం ఇళ్ళు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకునేవారని మా పెద్దలు చెప్పగా విన్నాము. అందుకే గడప ముందు చచ్చిన ఎలుక కనబడితే ఇప్పటికీ మన ఇళ్ళలో ముసలివారి గుండె గతుక్కుమంటుంది. పిల్లి తెచ్చే కానుక మీద మనకింత కంపరం ఊరికే రాలేదు.

ఇక సంగతికి వద్దాము. మా వీధిలో ఒక ఇల్లున్నది. మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన శాకాహారుల ఇల్లు. కొడుకు ఉద్యోగం బెంగుళూరులో, నెలకొకసారి వచ్చిపోతాడు. ఇంట్లో ఉండేది ఎనభై దాటిన అవ్వ, కోడలు, బూడిదరంగు పిల్లి ఒకటి. దానికి పొద్దున పాలు, రెండు పూటలా పెరుగన్నం. లోటేమీ లేదనే ఎవరైనా అంటారు. అయినా అది వారానికి రెండుసార్లయినా ఏదో ఒకటి పట్టుకొస్తుంది. ఎలుకో, తొండో, ఒక్కోసారి పిచ్చుకో. తెచ్చినదాన్ని మూలకు తీసుకుపోదు. అవ్వ కూర్చునే మంచం పక్కన, ఆమె చెప్పుల మీద పెట్టి, ఆమె ముఖంలోకి చూసి ఒక విచిత్రమైన కూత కూస్తుంది.

ఒక శుక్రవారంనాడు దీపం పెట్టే వేళకు పిచ్చుకను తెచ్చింది. కోడలికి ఓర్పు చచ్చిపోయింది. "అత్తా, ఇంక నా వల్ల కాదు. దీన్ని గోతంలో వేయించి హగరి అవతల వదిలిపెట్టిస్తాను" అన్నది.

అవ్వ నెమ్మదిగా, "దాన్నేమనొద్దమ్మా. నేను సరిగా తినలేదని చూసిందేమో, తెచ్చిపెడతా ఉంది" అన్నది.

ఇరుగుపొరుగులు చేరారు. అరిష్టమన్నారు ఒకరు. తన్ని తరిమినందుకు పగ తీర్చుకుంటున్నదన్నారు ఇంకొకరు. కాదు, పెట్టిన చేతికి నజరానా అన్నారు మూడోవారు. నాలుగు పేపర్లు చదివేవాళ్ళమని మమ్మల్నడిగారు. మేము ఆఫీసులో జమాఖర్చులు రాసేవాళ్ళమే గాని జంతుశాస్త్రులం కాము. అయినా తెలిసినంత మేర విప్పి చెప్పాము. అదే ఇక్కడ రాస్తున్నాము.

పిల్లి తల్లి తన పిల్లలకు వేట నేర్పే పద్ధతి ఒకటున్నది. మొదట చంపినదాన్ని తెచ్చి పిల్లల ముందు పెడుతుంది. కొన్నాళ్ళకు కొనప్రాణంతో ఉన్నదాన్ని తెస్తుంది. ఆపైన బతికున్నదాన్నే వదిలి, మీరే పట్టుకోండని చూస్తూ కూర్చుంటుంది. తెచ్చేటప్పుడు పిల్లల్ని పిలిచే కూత వేరే ఉంటుంది. ఇల్లే దాని పిల్లల గది అయినప్పుడు ఆ అలవాటు మనుషుల మీదికి మళ్ళిందని కొందరు పండితులు అంటారు. అనగా అది మనల్ని వేట రాని కూనల కింద జమ కట్టిందన్నమాట! మరికొందరు అంత దూరం పోరు. పిల్లి తన వేటను భయం లేని చోటికి తెచ్చుకుంటుంది, దానికి భయం లేని చోటు మన ఇల్లు, అంతే అంటారు. ఏది నిజమని పిల్లిని అడిగి తెలుసుకునే వీలు లేదు. రెండు మాటల్లోనూ ఒకటి మాత్రం ఉమ్మడి. పగ అన్నది ఎక్కడా లేదు. నమ్మకం ఉన్నది.

మనకు చేరేది దాని సంపాదనలో కొంతే సుమండీ. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఏథెన్సు నగరంలో 55 పెంపుడు పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూశారు. ఆ ఫలితాలు 2013లో అచ్చయినాయి. వేటాడినవి నూటికి 44. అవి పట్టినవాటిలో ఇంటికి తెచ్చినది నాలుగోవంతుకు లోపే. సగం దాకా పట్టినచోటనే పారేశాయి, మిగిలింది తినేశాయి. కాబట్టి అవ్వ చెప్పుల మీదికి వచ్చేది ఏరికోరి తెచ్చిన భాగమే అనుకోవాలి.

మిగతా జీవాల సంగతేమిటని అడుగుతారేమో. కుక్క తన ఎండు రొట్టెముక్కను తెచ్చి యజమాని కాళ్ళ దగ్గర కూర్చుని తినడం మీరంతా చూసే ఉంటారు. తోడు లేనిదే దానికి ముద్ద దిగదు. కాని ఇచ్చిపుచ్చుకునే లెక్క దానికి తెలుసా అని ఆస్ట్రియా దేశంలో పరీక్షించారు. ఒక మనిషి మీట నొక్కి కుక్కకు తిండి వచ్చేలా చేశాడు, మరొకడు చెయ్యలేదు. తరువాత మీట కుక్కకు ఇచ్చారు. మేలు చేసినవాడికని అది ఎక్కువసార్లు నొక్కలేదు. 2021లో అచ్చయిన సంగతి ఇది. చిలుక జాతిలో ఇందుకు భిన్నమైనది కనబడింది. ఆఫ్రికా బూడిదరంగు చిలుకలు, తమకు లాభం లేకపోయినా, పక్క చిలుకకు తిండి దొరకడానికి కావలసిన బిళ్ళలను దానికి అందించాయని 2020లో ప్రకటించారు. పెంపుడు చిలుక మెడ ఊపి, తిన్నది కక్కి మన వేలి మీద పెడితే అసహ్యించుకోకండి. అది తన జంటకు పెట్టే ముద్ద. (మన దేశపు రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని మాత్రం మరువకండి.) కాకుల సంగతి సరేసరి. అమెరికాలోని సియాటిల్ నగరంలో రోజూ కాకులకు గింజలు వేసే ఒక చిన్నపిల్లకు అవి పూసలు, గుండీలు, మెరిసే ముక్కలు తెచ్చి పెట్టాయని 2015లో పేపర్లన్నీ రాశాయి.

మనవాళ్ళు ఈ బాకీని గుర్తించనే లేదా అంటే, గుర్తించారు. మండ్య జిల్లా ఆతకూరులో క్రీ. శ. 949-50 నాటి కన్నడ శాసనం ఒకటి దొరికింది. గంగరాజు బూతుగుని దగ్గర 'కాళి' అనే వేటకుక్క ఉండేది. యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ణి ఏం కావాలో కోరుకోమంటే, అతడు ఆ కుక్కను కోరాడు. అది అడవిపందితో పోరాడి, పందీ తానూ కూడా ప్రాణాలు విడిచాయి. దాని పేర శిల నిలిపి, భూమి ఇచ్చి, పూజ ఏర్పాటు చేశారు. ఆ పూజ చెయ్యకుండా పూజారి అన్నం తింటే పాపమని కూడా చెక్కించారు. వెయ్యేళ్ళ కిందటి మనిషి కుక్క రుణాన్ని రాతి మీద రాసిపెట్టాడు. మనం గోతం వెతుకుతున్నాము!

ఆ గోతం విషయంలో ఒక్క మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో ఏ జంతువునైనా సరైన కారణం లేకుండా విడిచిపెట్టడం నేరం. పైగా పిల్లి ఎంత దూరం నుంచైనా ఇల్లు వెతుక్కుని రావడం కద్దు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయి, బళ్ళారి ఇటు నిలిచిందన్న సంగతి దానికి తెలియదు గదా!

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాము. పిల్లి మనలాగ అన్నీ తిని బతికే జీవం కాదు. మాంసమే దాని ఆహారం. దాని ఒంటికి టారిన్ అనే పదార్థం బయటి నుంచి అందాలి. అది మాంసంలో, చేపలో ఉన్నది, అన్నం పప్పులలో లేదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తే ఆధారంగా తయారుచేసిన తిండి మీద పెంచిన పిల్లులకు టారిన్ చాలక కంటిలోపలి పొర చెడిపోయిందని 1975లోనే తేల్చారు. ఇది లోపిస్తే గుండె కూడా పెద్దదై బలహీనపడుతుందని 1987లో కనుక్కున్నారు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగనే అరగవు. కాబట్టి పెరుగన్నంతో కడుపు నిండవచ్చును గాని, ఒంటికి కావలసినది అందదు. ఆ లోటు అది బయట పూడ్చుకుంటుంది.

ఇంగ్లండు నైరుతి ప్రాంతంలో 219 ఇళ్ళలోని 355 పిల్లుల మీద ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు దీన్నే పరీక్షించి 2021లో ప్రకటించారు. మాంసం ఎక్కువగా ఉన్న మంచి తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట నూటికి 36 వంతులు తగ్గింది. రోజుకు ఐదు పది నిమిషాలు దారంతోనో ఈకతోనో ఆడిస్తే 25 వంతులు తగ్గింది. మెడలో గంట కట్టినందువల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గంట ఎవరు కట్టాలా అని కథలో ఎలుకలు పడ్డ బాధంతా వృథా!

ఇదంతా విన్న కోడలు ఆలోచనలో పడింది. రోజుకెంత పెరుగన్నం పిల్లికి పోతున్నదో చూద్దామని నాలుగు రోజులు కనిపెట్టింది. తేలినదేమిటంటే, తాను పిల్లికి కలిపిపెట్టేది పిడికెడు. అవ్వ తన కంచంలోది తీసి పెట్టేది అంతకు మూడింతలు. పన్ను నొప్పితో నమలలేక, చెబితే కొడుకు ఖర్చు పెట్టుకుని పరుగెత్తుకొస్తాడని, ఆమె రెండు నెలలుగా సగం అన్నం పిల్లికే వేస్తున్నది. సరిగా తినలేదని అవ్వ అన్న మాట ముద్దు మాట కాదు, ఉన్న మాటే. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ చెవిని పెట్టలేదు. ఆ వారమే పంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

పిల్లికి మాత్రం గోడ అవతలి మాంసాహారుల ఇంట ఏర్పాటయింది. పిల్లుల కోసమే తయారైన తిండి డబ్బా, టారిన్ ఉన్నదని పైన చూసి, కొడుకు కొనిచ్చాడు. గిన్నె వారి అరుగు మీద. పడక మాత్రం యథాప్రకారం అవ్వ మంచం కింద. కోడలు పాల లెక్క గీసుకునే క్యాలెండరులోనే పిల్లి తెచ్చినవాటికీ గీతలు పెడుతున్నది. మొదటి నెల తొమ్మిది, మూడో నెల ఐదు. ఒక ఇంటి గీతలతో సిద్ధాంతం కట్టరాదు గాని, ఆ ఇంటికది చాలింది. ఎటొచ్చీ అవ్వకే కొంచెం దిగులు. "ఈ వారమంతా ఏమీ తేలేదే, నా మీద అలిగిందేమో" అంటున్నది.

మన ఇళ్ళకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము. పిల్లి ఏదైనా తెస్తే కొట్టకండి, తిట్టకండి. ఎందుకు కొట్టారో దానికి తెలియదు. తెచ్చినదాన్ని వట్టి చేత్తో ముట్టక, కాగితంతో తీసి పాతిపెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిచ్చుకలు మేతకు దిగే తెల్లవారుజామున, మునిమాపున దాన్ని లోపల ఉంచండి. పిల్లి ఉన్న ఇంట ఎలుకల మందు పెట్టకండి, మందు తిన్న ఎలుకను తిని పిల్లి పోతుంది. ఎలుకలు వాటంతటవి వరసగా చచ్చి పడుతుంటే మాత్రం అది పిల్లి కానుక కాదు. వెంటనే మునిసిపాలిటీ వారికి తెలియజెయ్యండి.

మీ ఇంటి పిల్లి, కుక్క ఏమేమి తెచ్చి పెట్టాయో నాలుగు పంక్తులు రాసి పంపితే వచ్చే సంచికలో అందరితో పంచుకుంటాము. దానితోపాటు, మీ ఇంట్లో ఎవరి కంచంలోది ఎవరికి పోతున్నదో కూడా ఒకసారి చూసుకోండి.