స్వాప్ తీసెయ్యమనే పెద్దమనుషులకు

"స్వాప్ పెట్టావా? అందుకే స్లో. తీసి పారేసి ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ వేసుకో." లినక్సు వేసుకున్న ప్రతి కుర్రాడికీ ఎవరో ఒకరు ఈ ముక్క చెప్పే ఉంటారు. మా తణుకులో పాత ల్యాప్‌టాపు మీద ప్రోగ్రామింగు నేర్చుకునే పిల్లాడికీ ఇదే మంత్రం. 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా ఎగిరాయో చూశాక కూడా ఇదే సలహా ఇస్తున్నారంటే, సొమ్ము వీళ్ళది కాదు గనకే అనుకోవాలి.

స్వాప్ మీద ఈ పగ హార్డుడిస్కు రోజులది. ర్యామ్‌లోంచి డేటా తేవడానికి సుమారు వంద నానోసెకన్లు, ఆ డిస్కు మీంచి తేవాలంటే పది మిల్లీసెకన్లు. లక్ష రెట్లు! డిస్కు లైటు ఆగకుండా వెలుగుతూ, మౌసు కదలక మనం తిట్టుకున్న మాట నిజమే. కానీ జ్వరం వచ్చిందని థర్మామీటరు విరక్కొడతామా? ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఆ లక్ష కాస్తా వెయ్యి రెట్ల దగ్గరికొచ్చింది. సలహా మాత్రం మారలేదు.

సరే, తీసేశారనుకోండి. ఏమవుతుంది? మెమరీలో ఉండేవి ముఖ్యంగా రెండు రకాల పేజీలు. ఫైళ్ళలోంచి చదివినవి ఒకటి, అంటే ప్రోగ్రాముల కోడ్, లైబ్రరీలు. వీటిని వదిలేసినా మళ్ళీ డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు. రెండోది ప్రోగ్రాము నడుస్తూ తాను పుట్టించుకున్న డేటా. దానికి ఏ ఫైలూ లేదు, స్వాప్ తప్ప పోయే చోటు లేదు. స్వాప్ తీసేస్తే పొద్దుట్నుంచీ ముట్టని బ్రౌజరు టాబులు ర్యామ్‌లో కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. పనిచేస్తున్న ప్రోగ్రాముల కోడ్ మాత్రం బయటికి పోతూ మళ్ళీ లోపలికొస్తూ ఉంటుంది. డిస్కు అప్పుడూ కొట్టుకుంటుంది! ఆఖరికి ఓఓఎం కిల్లర్ దిగి, సాధారణంగా అందరికంటే ఎక్కువ తింటున్నవాణ్ణి లేపేస్తుంది. నేను చూసిన ఒకచోట స్వాప్ లేని సర్వరు మీద అర్ధరాత్రి పెద్ద రిపోర్టు నడిపితే, చచ్చింది రిపోర్టు కాదు, డేటాబేసు.

మా వైపు వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు చేసే పని ఇదే. బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారి పొంగితే ఆ నీరంతా కొల్లేట్లో ఆగి, ఉప్పుటేరు మీదుగా నిదానంగా సముద్రానికి పోవాలి. ఎండాకాలంలో చూసినవాడికి అది ఉత్త ఖాళీ జాగా. అలాగే చూసి చేపల చెరువులు తవ్వారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టారు, తర్వాత మళ్ళీ లేచాయి. చోటు తగ్గిందని వరద తగ్గదు కదా, ఊళ్ళ మీద పడుతుంది. డిస్కులో నాలుగు జీబీ వేస్టు అనేవాళ్ళని చూస్తే నాకు ఆ గట్లే గుర్తొస్తాయి.

అన్నిచోట్లా స్వాప్ ఉండి తీరాలని నేననను. ఎలాస్టిక్‌సెర్చ్ వాళ్ళే ఆపమంటారు, జావా హీపు బయటికి పోతే గార్బేజ్ కలెక్షన్ నరకం కాబట్టి. ఒకేసారి వాడే డేటా ర్యామ్‌ని మించిపోతే స్వాప్ కాదు కదా, ఏదీ కాపాడలేదు. థ్రాషింగు గురించి పీటర్ డెన్నింగ్ 1968లోనే రాశాడు.

ఇంకో భ్రమ. పెద్ద ప్రోగ్రాముకి సిగ్‌స్టాప్ పంపితే మెమరీ ఖాళీ అవుతుందట. అవదు. తొలినాటి యూనిక్స్ ప్రాసెసుని మొత్తంగా ఎత్తి డిస్కులో పెట్టేది; ఇప్పటి లినక్సు పేజీలుగా, అదీ అవసరం పడ్డప్పుడే పంపుతుంది. ఆపిన ప్రోగ్రాము ఊరికే చల్లబడి ఉంటుంది, అంతే. ఇప్పుడే దాన్ని బయటికి నెట్టాలంటే దానికో సీగ్రూపు పెట్టి, ఆపి, మెమరీ రీక్లెయిమ్ ఫైలులో ఎంత కావాలో రాయండి. 2022లో వచ్చిన 5.19 కెర్నెల్ నుంచీ ఉంది. తర్వాత సిగ్‌కాంట్ ఇస్తే ఆగినచోటి నుంచే నడుస్తుంది, మొదట్లో కాస్త నత్తనడకన. స్వాప్ తీసేసినవాడికి ఈ సదుపాయం ఎక్కడిది?

స్వాప్ రెండు జీబీ వాడేసిందని గుండెలు బాదుకునే ముందు వీఎంస్టాట్ కొట్టి ఎస్‌ఐ, ఎస్‌ఓ గళ్ళు చూడండి. అవి సున్నా దగ్గరే ఉంటే, బయటికెళ్ళిన ఆ రెండు జీబీతో ప్రస్తుతం ఎవరికీ పని లేదన్నమాట.